కణితి స్రవించే ప్రొటీనే టీ కణాలను అణచివేసిందని తేల్చేదెలా? (కండిషన్డ్ మీడియం, టీజీఎఫ్-బీటా, మైలాయిడ్ కణాలు)

వినయ_కల్చర్

క్యాన్సర్ కణాలు పెరిగిన మీడియం (కండిషన్డ్ మీడియం) తీసి టీ కణాల మీద వేస్తే వాటి విభజన బాగా పడిపోతోంది. టీ కణాలు చంపడానికి వాడే గ్రాంజైమ్ బీ కూడా తగ్గుతోంది. అదే మీడియంలో ఎలైసా (యాంటీబాడీతో ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) చేస్తే టీజీఎఫ్-బీటా1, ఐఎల్-6, వీఈజీఎఫ్ అనే సంకేత ప్రొటీన్లు మూడూ కనిపిస్తున్నాయి. "కణితి స్రవించే టీజీఎఫ్-బీటా వల్లే టీ కణాలు ఆగిపోతున్నాయి" అని చెప్పడానికి ఇది సరిపోతుందా? సరిపోకపోతే మధ్యలో ఏమేం నిరూపించాలి?

వివరాలు: డీఎంఈఎం (కణాలను పెంచే పోషక ద్రవం), 10 శాతం ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరం). కణాలు పూర్తిగా నిండిన ఫ్లాస్క్ నుంచి 72 గంటలకు తీసిన మీడియం. టీ కణాల మీడియంతో సగం సగం కలిపి వాడినది.

స్రావం

సరిపోదండీ. మీరు చెప్పిన పద్ధతిలో తీసిన మీడియం టీ కణాలను ఆపడానికి అందులో ప్రొటీన్ ఒక్కటీ ఉండనక్కర్లేదు. నిండిన ఫ్లాస్క్‌లో 72 గంటలంటే గ్లూకోజ్ అడుగంటుతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, పీహెచ్ దిగిపోతుంది. లాక్టిక్ ఆమ్లం ఒక్కటే మనిషి సైటోటాక్సిక్ టీ కణాల విభజననూ సైటోకైన్ల (కణాల మధ్య సంకేత ప్రొటీన్ల) ఉత్పత్తినీ 95 శాతం దాకా తగ్గించగలదని 2007లోనే అచ్చయింది. ప్రోస్టాగ్లాండిన్ ఈ2, అడినోసిన్, కైన్యురెనిన్ కూడా టీ కణాలను అణిచేవే, ఇవీ ప్రొటీన్లు కావు.

అందుకని ఏ ప్రొటీన్ అన్న ప్రశ్నకు ముందు, అసలు ప్రొటీనేనా అన్నది తేల్చండి. దానికి 3 కిలోడాల్టన్ల కటాఫ్ ఉన్న (అంతకంటే బరువైన అణువులను పైనే ఆపే) సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్ చాలు.

ఫిల్టర్‌ను ముందు పీబీఎస్‌తో (ఉప్పు బఫర్‌తో) ఒకసారి కడగండి. కొత్త పొరల్లో గ్లిజరిన్ ఉంటుంది, అది కణాల మీద పడకూడదు. 15 మి.లీ. కండిషన్డ్ మీడియం పోసి 0.5 మి.లీ. మిగిలేదాకా తిప్పండి. మిగిలినదాన్ని తాజా ఆర్‌పీఎంఐ మీడియంతో మళ్లీ 15 మి.లీ.కి నింపండి. మళ్లీ తిప్పండి. ఇలా మూడుసార్లు నింపితే చిన్న అణువులు 27,000వ వంతుకు పడిపోతాయి. మూడోసారి నింపాక ఇక తిప్పకుండా అలాగే వాడితే ప్రొటీన్ల గాఢత దాదాపు మొదటిలాగే ఉంటుంది, గ్లూకోజ్, పీహెచ్ మాత్రం తాజా మీడియంవి. మొదటిసారి తిప్పినప్పుడు కిందికి దిగిన ద్రవాన్ని పారబోయకుండా దాన్నీ టీ కణాల మీద పరీక్షించండి. పైభాగం అణిచి కిందిభాగం అణచకపోతే అప్పుడు ప్రొటీన్ గురించి మాట్లాడుకోవచ్చు.

10 కిలోడాల్టన్ల ఫిల్టర్ వాడకండి. ఐఎల్-8 లాంటి కీమోకైన్లు (కణాలను పిలిచే ప్రొటీన్లు) 8 కిలోడాల్టన్ల పైచిలుకే ఉంటాయి, అవి కిందికి జారిపోతాయి.

నిశిత

ఇంత శ్రమ ఎందుకు? మీడియాన్ని 80 డిగ్రీల్లో పది నిమిషాలు వేడిచేసి చూస్తే తెలిసిపోతుంది కదా. అణిచే గుణం పోతే ప్రొటీన్, పోకపోతే చిన్న అణువు.

ఎలైసా_రాఘవ

నిశిత గారూ, చాలా ప్రొటీన్లకు ఆ తర్కం నడుస్తుంది. టీజీఎఫ్-బీటా దగ్గర మాత్రం తలకిందులవుతుంది, వినయ గారి అనుమానమేమో సరిగ్గా దాని మీదే.

కణం టీజీఎఫ్-బీటాను పనిచేసే రూపంలో వదలదు. 25 కిలోడాల్టన్ల జంట అణువును ఎల్‌ఏపీ అనే తన సొంత ముందుభాగమే చుట్టి పట్టుకుని ఉంటుంది. చాలాసార్లు దానికి ఎల్‌టీబీపీ అనే మరో ప్రొటీన్ కూడా అతుక్కుని ఉంటుంది. ఈ నిద్రాణ రూపం గ్రాహకానికి అంటుకోదు. దాన్ని విడిపించేవి ఆమ్లం, వేడి, ఆల్ఫావీ-బీటా6, ఆల్ఫావీ-బీటా8 ఇంటెగ్రిన్లు, థ్రాంబోస్పాండిన్ లాంటివి. 80 డిగ్రీల వేడి టీజీఎఫ్-బీటాను చంపదు, నిద్రలేపుతుంది. వేడిచేసిన మీడియం మరింత గట్టిగా అణిచిందంటే "ఇది ప్రొటీన్ కాదు" అని తీర్మానిస్తాం, అది పూర్తిగా తప్పు.

ఇక ఎలైసా సంగతి. మామూలు టీజీఎఫ్-బీటా1 కిట్ చూసేది విడుదలైన రూపాన్నే. అందుకే శాంపిల్‌కు ముందు ఆమ్లం వేస్తాం: 100 మైక్రోలీటర్ల శాంపిల్‌కు 20 మైక్రోలీటర్ల 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు, తర్వాత 1.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న 0.5 మోలార్ హెపెస్ 20 మైక్రోలీటర్లు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్యకు వచ్చిందో లేదో పట్టీతో చూడండి. ఫలితాన్ని 1.4తో గుణించడం మరిచిపోవద్దు. చాలా కిట్లలో స్టాండర్డ్ ముందే విడుదలైన రూపంలో ఉంటుంది, దానికి ఆమ్లం అక్కర్లేదు.

ఇలా వచ్చిన అంకె మొత్తం టీజీఎఫ్-బీటాది, పనిచేసేదానిది కాదు. ఆమ్లం వేయకుండా ఇంకో వరుస వెల్స్ పెడితేనే పనిచేసే భాగం తెలుస్తుంది. అది తరచూ కిట్ కనీస పరిమితికి దిగువనే ఉంటుంది. ఎలైసా కంటే నమ్మదగినది టీజీఎఫ్-బీటాకు స్పందించే పీఏఐ-1 ప్రమోటర్‌కు లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) తగిలించిన మింక్ ఊపిరితిత్తి కణాల పరీక్ష. కణం స్పందిస్తేనే వెలుగు వస్తుంది కాబట్టి నిద్రాణ రూపం అందులో మోసం చేయలేదు.

ఇంకా పెద్ద చిక్కు ఎఫ్‌బీఎస్. ఆవుదీ మనిషిదీ పరిణత టీజీఎఫ్-బీటా1 అమైనో ఆమ్లాల క్రమం ఒక్కటే. ఏ యాంటీబాడీ కూడా వాటిని విడదీయలేదు. 10 శాతం ఎఫ్‌బీఎస్ ఉన్న మీడియాన్ని కణాలు లేకుండా ఉత్తగా ఇంక్యుబేటర్‌లో పెట్టి, ఆమ్లం వేసి కొలవండి. మీరు కణితికి అంటగట్టిన టీజీఎఫ్-బీటాలో చెప్పుకోదగ్గ వాటా అక్కడే దొరుకుతుంది.

వినయ_కల్చర్

కణాలు లేని మీడియం కంట్రోల్ పెట్టలేదు, పెడతాను. మరి సీరం లేకుండా మీడియం తీయాలంటే కణాలు ఒత్తిడికి లోనై వేరే ప్రొటీన్లు వదులుతాయంటారు కదా. ఏది మేలు?

స్రావం

రెండింటిలోనూ నష్టం ఉంది. ఎలైసా, ప్రొటియోమిక్స్ (ప్రొటీన్లన్నిటినీ ఒకేసారి గుర్తించడం), టీజీఎఫ్-బీటా కుటుంబం అయితే సీరం లేనిదే తీయాలి. కణాలు తట్టుకోలేని రకమైతే 0.1 నుంచి 0.2 శాతం శుద్ధమైన ఆల్బుమిన్ కలపండి. అది గొట్టాల గోడలకు సైటోకైన్లు అంటుకుపోకుండా కూడా కాపాడుతుంది. ప్రొటియోమిక్స్‌కు మాత్రం ఆ ఆల్బుమిన్ కూడా వద్దు, మిగతా సంకేతాలన్నిటినీ అదే మింగేస్తుంది.

కణాలు 70-80 శాతం నిండినప్పుడు మొదలుపెట్టండి. వెచ్చని పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి, మూడోసారి సీరం లేని మీడియంతో. ఆ మూడోది ఒక గంట ఉంచి పారబోస్తే కణాలకు అంటుకున్న సీరం ప్రొటీన్లు చాలావరకు పోతాయి. తర్వాత తాజా సీరం లేని మీడియంలో 24 గంటలు. తీశాక సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (గురుత్వానికి 300 రెట్లు) వద్ద 10 నిమిషాలు, తేటను మరో గొట్టంలోకి మార్చి 2,000 జీ వద్ద 10 నిమిషాలు. 0.22 మైక్రాన్ల వడపోతకు ప్రొటీన్ తక్కువగా అంటుకునే పీఈఎస్ లేదా పీవీడీఎఫ్ పొర వాడండి, నైట్రోసెల్యులోజ్ వద్దు. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి.

మీడియం తీసిన వెంటనే ఫ్లాస్క్‌లో కణాలను లెక్కపెట్టండి, బతికున్నవి ఎన్నో కూడా చూడండి. "మి.లీ.కి ఇన్ని పికోగ్రాములు" అన్నదానికంటే "పది లక్షల కణాలకు 24 గంటల్లో ఇన్ని పికోగ్రాములు" అన్నది పనికొస్తుంది. బతికున్న కణాలు 95 శాతం కంటే తక్కువుంటే ఆ బ్యాచ్ వదిలేయండి. చచ్చిన కణం లోపలి సరుకంతా బయట పడేస్తుంది, అది స్రావం కాదు. ఎల్‌డీహెచ్ (పగిలిన కణాల నుంచి బయటపడే ఎంజైమ్) పరీక్ష చిన్న పనే, ప్రతి బ్యాచ్‌కూ చేయండి.

నిశిత

మైకోప్లాస్మా (కల్చర్‌లో దాగే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేర్చండి. కొన్ని మైకోప్లాస్మా జాతులు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తినేస్తాయి. ఆర్జినిన్ లేకపోతే టీ కణాలు విభజించవు. దాన్ని కణితి ఆర్జినేజ్ (ఆర్జినిన్‌ను విడగొట్టే ఎంజైమ్) అనుకునే ప్రమాదం ఉంది. పైగా మైకోప్లాస్మా 0.22 మైక్రాన్ల పొరలోంచి కూడా దూరిపోగలదు, కాబట్టి వడపోశాం కదా అనే ధీమా వద్దు.

ఫ్లో_సుధ

మీడియం సంగతి కుదిరింది కాబట్టి టీ కణాల వైపు నాలుగు మాటలు.

పీబీఎంసీ (రక్తంలోని టీ కణాలు, మోనోసైట్లు లాంటి తెల్లకణాలు) తీసేటప్పుడు 400 జీ, 30 నిమిషాలు, బ్రేక్ ఆపి తిప్పిన తర్వాత చాలామంది రెండుసార్లు కడిగి ఊరుకుంటారు. వాటిలో కనీసం ఒకటి 200 జీ వద్ద 10 నిమిషాలు ఉండాలి. ప్లేట్‌లెట్లు తేటలో ఉండిపోతాయి, పారబోయవచ్చు. ప్లేట్‌లెట్ల సంచుల నిండా టీజీఎఫ్-బీటా1, వీఈజీఎఫ్ ఉంటాయి. వాటిని వెంట తెచ్చుకుంటే మీ కంట్రోల్ వెల్ కూడా కొంత అణగారే ఉంటుంది, తేడా చిన్నదిగా కనిపిస్తుంది.

ఉత్తేజం ఎంత ఇవ్వాలన్నది అన్నిటికంటే ముఖ్యం. టీ కణాలను ఉత్తేజపరిచే సీడీ3/సీడీ28 పూసలు కణానికి ఒకటి చొప్పున వేస్తే టీ కణాలు ఎంత అణచినా ఆగవు. అలాంటి ప్లేట్ చూసి "ఈ కణితి ఏమీ అణచదు" అనేస్తారు. పూసల మోతాదు 1:1 నుంచి 1:20 దాకా వరుసగా తగ్గిస్తూ ముందు ఒక ప్లేట్ వేయండి. కంట్రోల్‌లో 60-70 శాతం కణాలు విభజించే మోతాదు ఎంచుకోండి. అక్కడైతే పైకీ కిందికీ తేడా కనబడే జాగా ఉంటుంది.

సీఎఫ్‌ఎస్‌ఈ (కణం విభజించినప్పుడల్లా సగమయ్యే రంగు) 1 నుంచి 5 మైక్రోమోలార్ మధ్య, కణాల మీద పోసిన వెంటనే కలపాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా అంచు కణాలకు ఎక్కువ, మధ్య కణాలకు తక్కువ పట్టి మొదటి శిఖరమే వెడల్పుగా వస్తుంది, ఆపై తరాలు విడిపోవు. 5 నిమిషాల తర్వాత ఐదింతల చల్లని సీరం మీడియం పోసి ఆపండి. అడుగు గుండ్రంగా ఉన్న 96 వెల్ ప్లేట్, వెల్‌కు లక్ష కణాలు, 200 మైక్రోలీటర్లు. అంచు వెల్స్‌లో పీబీఎస్ మాత్రమే, అవి ఆవిరై గాఢత మారిపోతుంది. కండిషన్డ్ మీడియం ముందు, పూసలు తర్వాత. 72 నుంచి 96 గంటలు.

వేయాల్సిన వెల్స్: ఉత్తేజం లేనివి, తాజా మీడియంవి, కణాలు లేకుండా ఇంక్యుబేటర్‌లో ఉంచిన మీడియంవి, క్యాన్సర్ కాని కణాల (ఫైబ్రోబ్లాస్టులు అనుకోండి) మీడియంవి, 2 నుంచి 5 నానోగ్రాములు/మి.లీ. శుద్ధ టీజీఎఫ్-బీటా1 వేసినవి. పరీక్ష మీడియం 50, 25, 12.5 శాతాల్లో. ఒకే గాఢతలో వచ్చిన ఫలితం మీద దేన్నీ నిలబెట్టలేం.

చచ్చిన కణాలకు రంగు వేయకుండా ఫ్లో సైటోమెట్రీ చేయకండి. విభజన తగ్గడం వేరు, కణాలు చావడం వేరు. రెండోదైతే అణచివేత కాదు, విషం.

మరో మాట. టీజీఎఫ్-బీటా సీడీ8 కణాల్లో (చంపే రకం టీ కణాల్లో) పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు, ఇంటర్‌ఫెరాన్ గామా జన్యువులను నేరుగా నొక్కేస్తుందని 2005లో తేలింది. అంటే విభజన మామూలుగా ఉండి చంపే శక్తి మాత్రం పోయిన సందర్భాలు ఉంటాయి. ఒక్క సీఎఫ్‌ఎస్‌ఈతో ఆగిపోతే వాటిని పట్టుకోలేం. చివరి 4-5 గంటలు బ్రెఫెల్డిన్ ఏ (స్రావాన్ని కణంలోనే ఆపే మందు) వేసి గ్రాంజైమ్ బీ, ఇంటర్‌ఫెరాన్ గామా చూడండి. వీలైతే లక్ష్య కణాలను చంపే పరీక్ష కూడా చేయండి.

మాక్రోఫేజ్

అందరూ టీ కణాల దగ్గరే ఆగారు. కణితి స్రావాల్లో గట్టి ప్రభావం చాలావరకు మైలాయిడ్ కణాల (మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్స్ లాంటివాటి) మీదే పడుతుంది, టీ కణాలు ఆ తర్వాత దెబ్బతింటాయి. సీసీఎల్2 మోనోసైట్లను పిలుస్తుంది, సీఎస్‌ఎఫ్-1 వాటిని మాక్రోఫేజ్‌లుగా బతికిస్తుంది, ఐఎల్-8, సీఎక్స్‌సీఎల్1 న్యూట్రోఫిల్స్‌ను లాగుతాయి. శుద్ధ టీ కణాలు మాత్రమే ఉన్న ప్లేట్‌లో వీటిలో ఒక్కదాని పనీ కనబడదు. సీడీ14 కణాలను (అంటే మోనోసైట్లను) ఉంచిన పీబీఎంసీతో, తీసేసిన పీబీఎంసీతో ఒకే పరీక్ష పక్కపక్కన చేయండి. మోనోసైట్లు ఉన్నప్పుడే అణచివేత వస్తే మీరు వెతకాల్సిన ప్రొటీన్ల జాబితా మొత్తం మారిపోతుంది.

డెండ్రిటిక్ కణాల (టీ కణాలకు లక్ష్యాన్ని చూపించేవాటి) పరీక్షలో సమయం కీలకం. మోనోసైట్లకు జీఎం-సీఎస్‌ఎఫ్ 50 నానోగ్రాములు/మి.లీ., ఐఎల్-4 20 నానోగ్రాములు/మి.లీ., 5-6 రోజులు. కణితి మీడియం 20-30 శాతం మొదటి రోజే వేస్తే తయారీ మీద ప్రభావం తెలుస్తుంది. ఐదో రోజు వేసి 24 గంటలు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలోని ఎండోటాక్సిన్) ఇస్తే పక్వత మీద ప్రభావం తెలుస్తుంది. రెండూ వేర్వేరు ప్రశ్నలు. కిడ్నీ క్యాన్సర్ కణాల మీడియంతో 1998లో చేసిన పనిలో ఐఎల్-6, ఎం-సీఎస్‌ఎఫ్ (సీఎస్‌ఎఫ్-1కే మరో పేరు) కలిసి కణాలను డెండ్రిటిక్ దారి తప్పించి సీడీ14 ఉన్న మాక్రోఫేజ్ దారికి మళ్లించాయి. వీఈజీఎఫ్ డెండ్రిటిక్ కణాల పక్వతను ఆపుతుందని 1996లో చూపినది సీడీ34 ఉన్న మూలకణాలతో. మోనోసైట్లతో అదే వస్తుందని ముందే అనుకోవద్దు.

జీఎం-సీఎస్‌ఎఫ్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. క్రాస్ (కేఆర్ఏఎస్) జన్యువులో మార్పు ఉన్న పాంక్రియాస్ కణితులు దాన్ని వదిలి అణిచే మైలాయిడ్ కణాలను పోగేస్తాయని 2012లో ఎలుకల్లో చూశారు. అదే జీఎం-సీఎస్‌ఎఫ్ జన్యువును హెర్పిస్ వైరస్‌లో పెట్టి మెలనోమాకు మందుగా 2015లో అనుమతించారు. ప్రొటీన్ పేరు చూసి అది అణిచేదో ప్రేరేపించేదో చెప్పలేం. మోతాదు, ఎంతకాలం, చుట్టూ ఇంకేమున్నాయన్నది చూడాలి.

ఎల్‌పీఎస్ కలుషితం గురించి తప్పక చెప్పాలి. మోనోసైట్లు మి.లీ.కి 0.1 నానోగ్రాముల కంటే తక్కువ ఎల్‌పీఎస్‌కే మేల్కొంటాయి. అది దాదాపు 1 ఎండోటాక్సిన్ యూనిట్. బ్యాక్టీరియాలో తయారుచేసిన రీకాంబినెంట్ ప్రొటీన్ వాడుతుంటే ప్రతి లాట్‌నూ లాల్ పరీక్ష (ఎండోటాక్సిన్‌ను కొలిచేది) చేయాలి. నిశిత గారి వేడి పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది: ఆ ప్రొటీన్‌ను 95 డిగ్రీల్లో అరగంట ఉంచాక కూడా మోనోసైట్లు టీఎన్‌ఎఫ్ వదులుతుంటే పని చేసింది ప్రొటీన్ కాదు, ఎల్‌పీఎస్.

ఎండీఎస్‌సీ (అణిచే మైలాయిడ్ కణం) అనే పేరు కూడా తొందరపడి పెట్టవద్దు. సీడీ14 ఉండి హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ తక్కువ ఉన్నంత మాత్రాన కాదు, ఆ కణాలను వేరుచేసి టీ కణాలతో కలిపితే అణచాలి. న్యూట్రోఫిల్ రకం ఎండీఎస్‌సీలు ఫ్రీజింగ్ తట్టుకోవు, తాజా శాంపిల్‌లోనే చూడాలి.

వెసికిల్_మూర్తి

"స్రవించే" అన్న మాట కింద నాలుగు దారులు కలిసిపోతున్నాయి. అవి విడదీయకపోతే తర్వాత మందు లక్ష్యం కూడా తప్పుతుంది.

మొదటిది మామూలు దారి: సిగ్నల్ పెప్టైడ్, గోల్గీ, బయటికి. బ్రెఫెల్డిన్ ఏ వేస్తే ఆగుతుంది (4-6 గంటలు మించకుండా, ఆ తర్వాత కణాలు చస్తాయి).

రెండోది పొర మీద ఉన్నదాన్ని కత్తిరించి వదలడం. క్యాన్సర్ కణాల పొర మీద ఉండే ఎంఐసీఏ, ఎంఐసీబీ ప్రొటీన్లు దీనికి మంచి ఉదాహరణ. ఏడీఏఎం10, ఏడీఏఎం17 అనే ఎంజైమ్‌లు (మెటలోప్రొటియేజ్‌లు) వాటిని కోస్తాయి. రక్తంలో తేలే ఎంఐసీఏ, తనను గుర్తించే ఎన్‌కేజీ2డీ గ్రాహకాన్ని టీ కణాల మీద నుంచి లోపలికి లాగించేస్తుందని 2002లో చూపించారు. కోత పడే ఆల్ఫా3 భాగాన్ని కప్పే యాంటీబాడీతో కోత ఆపితే ఎన్‌కే కణాలు (కణితిని సహజంగా చంపే కణాలు) మళ్లీ పనిచేశాయని 2018లో వచ్చింది. అలాగని తేలే లిగాండ్ (గ్రాహకానికి అంటుకునే అణువు) ప్రతిదీ అణిచేదే కాదు. ఎలుకల్లో మల్ట్1 అనే గట్టిగా అంటుకునే లిగాండ్ తేలే రూపంలో ఎన్‌కే కణాలను ప్రేరేపించిందని 2015 నాటి పని ఉంది. మెటలోప్రొటియేజ్ నిరోధకం వేసినప్పుడు మీడియంలో తగ్గి కణం మీద పెరిగితే అది కోత దారి.

మూడోది వెసికిల్స్, అంటే కణం వదిలే చిన్న పొర సంచులు. మెలనోమా కణాలు టీ కణాలను ఆపే పీడీ-ఎల్1ను ఎక్సోజోమ్‌ల (ఒక రకం వెసికిల్స్) మీద పెట్టి పంపుతాయని 2018లో చూపారు. చిక్కేమిటంటే ఎలైసా ప్లేట్ మీది యాంటీబాడీ ఆ వెసికిల్‌ను మొత్తంగా పట్టుకుంటుంది, మనం దాన్ని "కరిగిన పీడీ-ఎల్1" అని రాసుకుంటాం. 300 జీ, 2,000 జీ, 10,000 జీ వద్ద 30 నిమిషాలు, తర్వాత 100,000 జీ వద్ద 70-90 నిమిషాలు తిప్పి పైతేటనూ అడుగు ముద్దనూ వేరువేరుగా కొలవండి. ముద్దలో ఉన్నంత మాత్రాన వెసికిల్‌దే అనలేం, గడ్డలు కట్టిన ప్రొటీన్ కూడా దిగుతుంది. సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌తో ఒకసారి నిర్ధారించుకోండి. సీరం వాడితే అందులోని వెసికిల్స్‌ను ముందు 100,000 జీ వద్ద 16-18 గంటలు తిప్పి తీసేయాలి.

నాలుగోది లీకేజీ. గాలెక్టిన్లకు (చక్కెరలకు అంటుకునే ప్రొటీన్లకు) సిగ్నల్ పెప్టైడ్ లేదు, నిజంగానే వేరే దారిలో బయటికి వస్తాయి. కానీ చచ్చిన కణం నుంచీ వస్తాయి. స్రావం గారు చెప్పిన ఎల్‌డీహెచ్ అంకె లేకుండా గాలెక్టిన్ గురించి ఏం రాసినా సందేహమే.

వినయ_కల్చర్

స్రావం గారు చెప్పినట్టు 3 కిలోడాల్టన్ల ఫిల్టర్‌తో విడదీశాను. అణచివేతలో కొంత కింది ద్రవంతోనే పోయింది, కానీ పైభాగం కూడా స్పష్టంగా అణుస్తోంది, గాఢత తగ్గించేకొద్దీ తగ్గుతోంది. ఇప్పుడు టీజీఎఫ్-బీటా గ్రాహక నిరోధకం ఎస్‌బీ-431542 వేసి చూస్తే సరిపోతుందా?

ఎలైసా_రాఘవ

మొదటి మెట్టుగా బాగుంది. 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ (నిరోధకాన్ని కరిగించే ద్రావకం) కంట్రోల్‌తో. కానీ అది టీజీఎఫ్-బీటా గ్రాహకం ఏఎల్‌కే5తో పాటు ఏఎల్‌కే4, ఏఎల్‌కే7లనూ ఆపుతుంది. అంటే యాక్టివిన్ సంకేతం కూడా ఆగుతుంది. చాలా కణితులు యాక్టివిన్ ఏ వదులుతాయి. నిరోధకంతో అణచివేత పోయిందంటే మీరు చెప్పగలిగేది "టీజీఎఫ్-బీటా లేదా యాక్టివిన్" అని మాత్రమే.

తర్వాత న్యూట్రలైజింగ్ యాంటీబాడీ. 1డీ11 మూడు టీజీఎఫ్-బీటాలనూ పడుతుంది. 1, 3, 10, 30 మైక్రోగ్రాములు/మి.లీ. వరుస వేయండి, అదే గాఢతలో ఐసోటైప్ కంట్రోల్ (లక్ష్యానికి అంటుకోని అదే రకం యాంటీబాడీ) కూడా. యాంటీబాడీని మీడియంలో 37 డిగ్రీల్లో అరగంట ఉంచి ఆ తర్వాతే కణాల మీద పోయండి. సోడియం అజైడ్ ఉన్న యాంటీబాడీ పొరపాటున కూడా వద్దు, అజైడ్ టీ కణాలను తనంతట తానే ఆపేస్తుంది.

దీంతో పాటు టీ కణాల్లో 30-60 నిమిషాలకు ఫాస్ఫో-స్మాడ్2/3 (టీజీఎఫ్-బీటా సంకేతం కణం లోపలికి చేరిందనే గుర్తు) చూడండి. స్మాడ్ ఫాస్ఫేట్ పట్టకుండా అణచివేత ఒక్కటే కనిపిస్తే టీజీఎఫ్-బీటా వాదం నిలవదు.

స్రావం

చివరి నిరూపణ మాత్రం జన్యువు తీసేయడమే. కణితి కణాల్లో టీజీఎఫ్‌బీ1ను క్రిస్పర్‌తో తీసేసి, కనీసం రెండు వేర్వేరు గైడ్‌లతో చేసిన క్లోన్ల మీడియం తీసి, అణచివేత తగ్గిందో లేదో చూడాలి. తగ్గితే ఆ మీడియానికి శుద్ధ టీజీఎఫ్-బీటా1 తిరిగి కలపాలి. మీరు కొలిచిన గాఢతలోనే కలపాలి, పది రెట్లు కాదు. అప్పుడు అణచివేత తిరిగొస్తే కథ పూర్తవుతుంది. సగమే తిరిగొస్తే రెండో ప్రొటీన్ ఉందన్నమాట, అదీ విలువైన సమాచారమే.

శుద్ధ ప్రొటీన్ అనే మాట మీద గుడ్డి నమ్మకం వద్దు. టీజీఎఫ్-బీటా కుటుంబంలోని జీడీఎఫ్-15 చూడండి. రోగనిరోధక కణాల మీద దాని ప్రభావాలుగా అచ్చయిన వాటిలో కొన్నిటికి, అమ్మకానికి దొరికే రీకాంబినెంట్ జీడీఎఫ్-15లో కలిసిన టీజీఎఫ్-బీటాయే కారణమని 2017లో బయటపడింది. స్మాడ్2/3 వెలిగింది దాని వల్లే. అదే ఏడాది జీడీఎఫ్-15 అసలు గ్రాహకం జీఎఫ్ఆర్ఏఎల్ అని, అది మెదడు వెనుకభాగంలో ఉంటుందని తేలింది. ఆ తర్వాత 2023లో జీడీఎఫ్-15 టీ కణాలు ఎల్ఎఫ్ఏ-1 అనే అతుక్కునే ప్రొటీన్ ద్వారా రక్తనాళం గోడకు అతుక్కోవడాన్ని అడ్డుకుంటుందని వేరే పద్ధతుల్లో చూపారు. కాబట్టి ఆ ప్రొటీన్‌ను కొట్టిపారేయనక్కర్లేదు, పాత ఫలితాలను ఏ లాట్‌తో తెచ్చారో చూసి నమ్మాలి. మీరు కొనే ప్రతి టీజీఎఫ్-బీటా కుటుంబ ప్రొటీన్‌నూ 1డీ11 ఉన్నప్పుడు, లేనప్పుడు రెండు విధాలా పరీక్షించండి.

ఔషధ_పథం

ఇదంతా ఎందుకంత ముఖ్యమో మందుల వైపు నుంచి చూస్తే తెలుస్తుంది.

కణితి స్రావం రోగనిరోధక కణాలను శాసించడానికి నాకు తెలిసి అతి స్పష్టమైన ఉదాహరణ కీళ్ల పొరలో వచ్చే టెనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్. గడ్డలో అసలు కణితి కణాలు చాలా తక్కువ. క్రోమోజోమ్ ముక్కలు మారి అతుక్కోవడం వల్ల ఆ కొద్ది కణాలు సీఎస్‌ఎఫ్-1ను విపరీతంగా వదులుతాయి. గడ్డలో మిగతాదంతా ఆ పిలుపు విని వచ్చిన మాక్రోఫేజ్‌లే. సీఎస్‌ఎఫ్-1 గ్రాహకాన్ని ఆపే పెక్సిడార్టినిబ్‌తో గడ్డ కుంచించుకుపోతుంది. అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందన్న తీవ్ర హెచ్చరికతో సహా. ఇక్కడ ఒక ప్రొటీన్, ఒక గ్రాహకం, ఒక కణరకం. అందుకే పనిచేసింది. మామూలు ఘన కణితుల్లో అదే సీఎస్‌ఎఫ్-1 గ్రాహకాన్ని ఆపితే ఇంత ఫలితం రాలేదు.

సీసీఎల్2ను పట్టే కార్లుమాబ్ అనే యాంటీబాడీ దీనికి ఎదురు ఉదాహరణ. యాంటీబాడీ ఇచ్చాక స్వేచ్ఛగా ఉన్న సీసీఎల్2 కొద్దికాలం తగ్గి మళ్లీ పైకెక్కింది. ఎలుకల్లో అయితే సీసీఎల్2 నిరోధాన్ని మధ్యలో ఆపేసినప్పుడు ఎముక మజ్జలో ఆగి ఉన్న మోనోసైట్లు ఒక్కసారిగా బయటికొచ్చి రొమ్ము క్యాన్సర్ వ్యాప్తి మరింత పెరిగిందని 2014లో వచ్చింది. స్రవించే ప్రొటీన్‌ను పట్టుకుంటే శరీరం ఇంకా ఎక్కువ తయారుచేయవచ్చు. గ్రాహకాన్ని ఆపడం, ప్రొటీన్‌ను పట్టడం ఒకటే కాదు.

టీజీఎఫ్-బీటాను, పీడీ-ఎల్1ను ఒకే అణువుతో పట్టే బింట్రాఫస్ప్ ఆల్ఫా మీద ఎంతో ఆశ ఉండేది. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో పెంబ్రోలిజుమాబ్‌తో (పీడీ-1ను ఆపే మందుతో) పోల్చిన మూడో దశ పరీక్షను 2021 జనవరిలో ఆపేశారు. 2018లో టీజీఎఫ్-బీటా టీ కణాలను కణితి అంచుల్లోనే ఆపేస్తోందని రెండు బలమైన పనులు వచ్చాయి, వాటిలో లోపం లేదు. కానీ ఏ రోగి కణితిలో టీజీఎఫ్-బీటా నిజంగా విడుదలై పనిచేస్తోందో ముందే ఎంచుకునే కొలత లేకుండా అందరికీ ఇస్తే ఇలాగే అవుతుందని నా అభిప్రాయం. రాఘవ గారు మొత్తం, పనిచేసేది అని విడదీసి కొలవమన్నది ప్లేట్‌కే కాదు, రోగికీ వర్తిస్తుంది.

వీఈజీఎఫ్ కాస్త మెరుగైన దారి పట్టింది. కాలేయ క్యాన్సర్‌లో అటెజోలిజుమాబ్‌తో (పీడీ-ఎల్1 యాంటీబాడీతో) కలిపి వీఈజీఎఫ్‌ను పట్టే బెవాసిజుమాబ్ ఇవ్వడానికి 2020లో అనుమతి వచ్చింది. అందులో రక్తనాళాల వాటా ఎంత, డెండ్రిటిక్ కణాల వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం.

నిశిత

ఎలుకల్లోకి వెళ్లే ముందు ఒక జాబితా గోడకు అంటించుకోండి. మనిషి ఐఎల్-6, ఐఎల్-10, సీఎస్‌ఎఫ్-1 ఎలుక కణాల మీద పనిచేస్తాయి. మనిషి జీఎం-సీఎస్‌ఎఫ్, ఐఎల్-4, ఇంటర్‌ఫెరాన్ గామా పనిచేయవు. టీజీఎఫ్-బీటా1 రెండు జాతుల్లోనూ దాదాపు ఒకటే. మనిషి కణితిని ఎలుకలో పెట్టి "జీఎం-సీఎస్‌ఎఫ్ ప్రభావం లేదు" అంటే అర్థమే లేదు. పైగా టీ కణాలు లేని ఎలుకలో టీ కణాల అణచివేత చూడలేం కదా. ఎలుక కణితి, అదే జాతి ఎలుక, ఆ కణితిలో ఆ ఒక్క జన్యువు తీసేసిన జోడీ: ఇదే వరస. ఆ జోడీని టీ కణాలు ఉన్న ఎలుకల్లోనూ లేని ఎలుకల్లోనూ పెంచండి. తేడా ఉన్నవాటిలోనే కనబడితే ఆ ప్రొటీన్ పని రోగనిరోధక వ్యవస్థ మీదే.

వినయ_కల్చర్

చాలా ఉపయోగపడింది అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. రోగుల రక్తంలో టీజీఎఫ్-బీటా1, వీఈజీఎఫ్, ఐఎల్-8 కొలవాలంటే సీరం తీసుకోవాలా, ప్లాస్మానా?

ఎలైసా_రాఘవ

మొదటి రెంటికీ ప్లాస్మానే, అదీ ప్లేట్‌లెట్లు లేనిది. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ టీజీఎఫ్-బీటా1, వీఈజీఎఫ్ అంతా కక్కేస్తాయి. సీరంలో మీరు కొలిచేది కణితిని కాదు, ప్లేట్‌లెట్ల సంఖ్యను. క్యాన్సర్ రోగుల్లో ప్లేట్‌లెట్లు పెరిగి ఉండటం మామూలే కాబట్టి ఆరోగ్యవంతులతో పోలిస్తే తేడా కూడా అందంగా వచ్చేస్తుంది, అదే ప్రమాదం.

ఈడీటీఏ గొట్టం, మెల్లగా తిరగేసి కలపడం, గంటలోపు 2,000 జీ వద్ద 15 నిమిషాలు. పైన ఉన్న ప్లాస్మాలో మూడింట రెండు వంతులే తీయండి, తెల్లని పొర దగ్గరికి పైపెట్ పోనివ్వకండి. దాన్ని మరో గొట్టంలో 10,000 జీ వద్ద 10 నిమిషాలు తిప్పి, అడుగున కొంచెం వదిలేసి మిగతాది దాచండి. గడ్డకట్టించే ముందే ఈ రెండో స్పిన్ అయిపోవాలి. ఒకసారి ఫ్రీజర్‌లోకి వెళ్తే మిగిలిన ప్లేట్‌లెట్లు పగిలిపోతాయి, ఆ తర్వాత ఎంత తిప్పినా లాభం లేదు. శుద్ధిని తెలుసుకోవడానికి అదే శాంపిల్‌లో ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 కొలవండి. అది ఎక్కువున్న శాంపిల్స్‌లోని టీజీఎఫ్-బీటా అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు.

ఐఎల్-8 సీరంలోనూ ప్లాస్మాలోనూ కొలుస్తారు. చెక్‌పాయింట్ మందులు (పీడీ-1, పీడీ-ఎల్1ను ఆపేవాటి లాంటివి) తీసుకున్నవారిలో ఐఎల్-8 ఎక్కువుంటే ఫలితం తక్కువని 2020లో పెద్ద సంఖ్యలో రోగుల మీద వచ్చింది. ఏది ఎంచుకున్నా అధ్యయనం మొత్తం ఒకటే వాడండి, రెండూ కలపకండి. కణాల మీడియంలో మాత్రం ఐఎల్-8 స్టాండర్డ్ గీత దాటిపోయేంత ఉంటుంది, 1:10, 1:100, 1:500 మూడూ వేసి గీత మధ్యలో పడినదాన్నే తీసుకోండి. డైల్యూషన్‌తో గుణించాక ఆ అంకెలు ఒకదానికొకటి 20 శాతంలోపు కలవాలి. కలవకపోతే శాంపిల్‌లో ఏదో అడ్డుపడుతోంది, తెలిసినంత ఐఎల్-8 కలిపి 80-120 శాతం తిరిగి దొరుకుతోందో లేదో చూశాకే ముందుకెళ్లండి.